రుక్క ఒళ్ళు చేసిన ఏడాది

మోస్రాలో పసిపిల్లల తల్లులు గంగుబాయి ఎదురొస్తుంటే పిల్లల కాళ్ళ మీదికి కొంగు లాక్కునేవారు. ఆమె దిష్టి చెడ్డదని కాదు. ఎవరింట్లో పురుడొచ్చినా పిలవకముందే వచ్చి నీళ్ళు కాచే మనిషి అని అందరికీ తెలుసు. కానీ చంకలో బొద్దుగా ఉన్న బిడ్డను చూసిందంటే ఆమె చెయ్యి ఆగేది కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూనే బిడ్డ పాదం పట్టుకుని, బొటనవేలితో గట్టిగా నొక్కి, వేలు తీసి, ఆ చోటునే చూస్తూ నిలబడేది. అప్పుడు ఆమె మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. నొక్కిన చర్మం మళ్ళీ పొంగి సమమయ్యాకే ఊపిరి వదిలి, "మంచిగున్నది బిడ్డ" అని తన దారిన పోయేది. ఏ తల్లికి నచ్చుతుంది ఆ పరీక్ష? ముద్దొచ్చే పిల్లను చూసి భయపడే మనిషిని ఎవరు దగ్గరికి రానిస్తారు?

ఆ భయం ఆమెకు ఎక్కడ పట్టుకుందో ఊరు మరిచిపోయింది. ఊళ్ళకు తమ మాటల వల్ల జరిగినవి గుర్తుండవు.

గంగుబాయి పుట్టింది గోదావరి ఒడ్డున నందిపేటలో, పసుపు పండించే ఇంట్లో. మోస్రా ఆశన్నకిచ్చి చేశారు. ఆశన్నకు ఒక జత ఎడ్లు, ఒక బండి ఉండేవి. కాలువ కింద భూములు కొనుక్కుని కృష్ణా, గుంటూరుల నుంచి వచ్చిన రైతుల చెరుకును బోధన్ ఫ్యాక్టరీకి తోలడం అతని పని. చెరుకు నరికే కాలంలో మనిషి ఇంట్లో కనిపించేవాడు కాదు. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరుసలోనే అతని తిండి, నిద్ర.

ఇద్దరు కొడుకులు పుట్టి పోయారు. పెద్దవాడిని తట్టు తీసుకుపోయింది. రెండోవాడు పళ్ళు రాకముందే విరేచనాలతో ఎండిపోయాడు. మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టగానే ఆశన్న ఎవరికీ చెప్పకుండా, దిండీ కట్టి భజనలు చేస్తూ నడిచిపోయే వాళ్ళ వెంట పండరిపురం పోయి, విఠలుని ముందు మెడలో తులసిమాల వేయించుకుని వచ్చాడు. బిడ్డకు రుక్మాబాయి అని పేరు పెట్టాడు. ఇంట్లో రుక్క అనేవారు.

మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి ఊళ్ళలో ఆ మాల అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మాల పడిన ఇంట్లోకి నీసు రాకూడదు. మాంసం, చేప, గుడ్డు ఏదీ పొయ్యి ఎక్కకూడదు. మాట తప్పితే, దేని కోసం మాల వేసుకున్నాడో దాన్నే దేవుడు వెనక్కి అడుగుతాడు. ఆశన్న దేని కోసం వేసుకున్నాడో గంగుబాయికి తెలుసు. అందుకే కోడికూర వండిన కుండలన్నీ తనే బయటికి తీసుకుపోయి పగలగొట్టింది.

అత్త పెంటవ్వకు మాల మీద కోపం లేదు. ఆమె భయం వేరు. ఆ ఇంటివాళ్ళు ఏటా ఆషాఢంలో పోచమ్మకు కోడిని కోసేవారు. మాల పడ్డాక కోడి బదులు బూడిద గుమ్మడికాయకు కుంకుమ పూసి కొట్టారు. కాయ పగలగానే అందులోంచి కారిన నీళ్ళను చూసి పెంటవ్వ, "నెత్తురడిగిన తల్లికి నీళ్ళు సూపిస్తే ఊకుంటదా?" అన్నది. ఆ మాట గంగుబాయి గుండెలో ముల్లులా దిగింది. ఒక దేవుడికి నీసు ఇస్తే కోపం, ఒక దేవతకు ఇవ్వకపోతే కోపం. మధ్యలో తన పిల్ల.

రుక్కకు రెండో ఏడు రాకముందే గంగుబాయికి మళ్ళీ నెల తప్పింది. కడుపుతో ఉన్న తల్లి పాలు పిల్లకు విషమని పెంటవ్వ పాలు మాన్పించింది. ఆ కడుపు నిలవలేదు. పాలూ తిరిగి రాలేదు. అప్పటినుంచి రుక్కకు గంజి, జొన్నరవ్వ ఉడికించిన గట్క, మెత్తగా ఉడికిన సొరకాయ, బీరకాయ, దండిగా బెల్లం. చెరుకు సీమలో బెల్లానికి కరువేముంది? పప్పు పెడితే పసిపొట్టకు వాతమన్నారు. పల్లీలు పైత్యమన్నారు. ఉలవలు ఎడ్లకు గానీ మనుషుల బిడ్డకా అని నవ్వారు.

నీసు లేని పిల్లకు బలమెట్లా అని గంగుబాయి ఒకసారి పున్నమ్మ దగ్గర బాధపడింది. ఆశన్న చెరుకు తోలే పొలం పున్నమ్మ వాళ్ళది. తెనాలి దగ్గరి ఊరినుంచి వచ్చిన మనిషి, చెయ్యి పెద్దది. పెరట్లోంచి ఏనుగు పాదమంత కంద దుంప తవ్వించి ఇచ్చింది. "మా వైపు దీన్ని మసాలా పెట్టి వండితే మాంసమేదో కందేదో పోల్చుకోలేరే గంగూ. పిల్లకి పెట్టి చూడు, నెల తిరక్కుండా ఒళ్ళు చేస్తుంది" అన్నది.

గంగుబాయి చింతపండు వేసి దురద పోయేదాకా ఉడికించి, ఎండుకొబ్బరి, గసాలు, లవంగం నూరి పోసి వండింది. ముక్క నోట్లో వేసుకున్న ఆశన్న ఉలిక్కిపడి గిన్నెలోకి చూశాడు, నీసేమోనని. అంత బాగా కుదిరింది. ఇక వారానికి మూడు నాలుగుసార్లు కందే.

నిజంగానే రుక్క ఒళ్ళు చేసింది. బుగ్గలు నిండాయి. కాళ్ళు, చేతులు గుండ్రంగా తేరాయి. బావి దగ్గర ఆడవాళ్ళు పిల్లను చేతుల్లోంచి చేతుల్లోకి మార్చుకున్నారు. మాల మహిమ అని కొందరు, పున్నమ్మ కంద మహిమ అని కొందరు అన్నారు. ఊరికి బక్కపిల్ల అంటే జాలి, బొద్దుపిల్ల అంటే గౌరవం. ఆ బొద్దు దేనితో నిండిందని అడిగే అలవాటు ఏ ఊరికీ లేదు.

అందరూ మెచ్చుకుంటుంటే గంగుబాయికి మాత్రం లోపల ఏదో గుబులుగా ఉండేది. రుక్క నవ్వడం మానేసింది. గోడకు ఆనించి కూర్చోబెడితే అక్కడే ఉండేది. ఈగ మొహం మీద వాలినా తోలుకునేది కాదు. అంతకు ముందు తప్పటడుగులు వేసిన పిల్ల ఇప్పుడు లేచి నిలబడనంటున్నది. నల్లటి జుట్టు ఎండిన గడ్డిలా ఎర్రబడింది. పెద్దవాడు పోయేముందు ఒళ్ళు కాలింది, రెండోవాడు పోయేముందు ఒళ్ళు ఎండింది. ఈ పిల్లకు జ్వరమూ లేదు, బక్కతనమూ లేదు. మరి భయమెందుకు? గంగుబాయి పిల్లకు నల్లదారం కట్టి, ఉప్పు తిప్పి పొయ్యిలో వేసి ఊరుకుంది.

ఒకరోజు పొద్దున పిల్లకు నీళ్ళు పోస్తూ కాలి కడియం బిగుసుకుపోయిందని చూసింది. ఒళ్ళు చేసింది కదా అని నూనె రాసి, మెల్లగా తిప్పి లాగింది. కడియం వచ్చింది. దాని కింద చుట్టూ గాడి పడి ఉంది. చర్మం పొంగి సమమవుతుందిలే అని కాసేపు చూసింది. సమం కాలేదు. పాదం మీద బొటనవేలు పెట్టి నొక్కింది. తడి మట్టిలో దిగినట్టు వేలు లోపలికి దిగింది. తీసినా గుంట అట్లాగే ఉండిపోయింది. రెండో కాలు నొక్కింది. అక్కడా గుంట పడింది. పిల్ల ఏడవలేదు. కాలు వెనక్కి తీసుకోలేదు. తన కాలు కానట్టు తల్లి వైపు చూస్తున్నది.

గంగుబాయి చేతిలో చెంబు జారిపోయింది. గబగబా గుడ్డ చుట్టి పిల్లను లోపలికి తీసుకుపోయింది. ఎవరికీ చూపించలేదు. చూపిస్తే నిజమైపోతుందని భయం. కానీ పెంటవ్వ కన్ను తప్పించుకోవడం ఎవరి తరం? గుంటలు చూసి ముసలిది నేల మీద కూలబడి, పోచమ్మకు కొట్టిన గుమ్మడికాయను తలుచుకున్నది. పిల్ల ఒంట్లో నెత్తురంతా పోచమ్మ తల్లి నీళ్ళు చేసిందని ఏడ్చింది.

మర్నాడు ఆశన్న బండి ఆపి, పెళ్ళాన్నీ పిల్లనూ బస్సెక్కించి నిజామాబాద్ తీసుకుపోయాడు. కంఠేశ్వర్‌లో డాక్టర్ జగన్మోహనరావు దవాఖానా ఉండేది. ఆయనది కూడా కృష్ణా వైపే. చెయ్యి మంచిదని, నోరు చెడ్డదని పేరు.

ఏం పెడుతున్నారని ఆయన అడిగాడు. గంగుబాయి గంజి దగ్గరినుంచి మొదలుపెట్టింది. కంద దగ్గరికి వచ్చేసరికి గొంతులో కొంచెం ధైర్యం వచ్చింది. డాక్టరు వింటూ విననట్టు పిల్ల కాళ్ళు నొక్కి, కనురెప్పలు తిప్పి, ఒక వెంట్రుకల పాయ వేళ్ళతో లాగాడు. పాయ చేతిలోకి వచ్చేసింది. పిల్ల కదలలేదు.

"ఇది ఒళ్ళు కాదమ్మా, నీరు. కండంతా కరిగిపోయి దాని చోట నీరు చేరింది. ఇట్లాగే వదిలేస్తే పిల్ల దక్కదు. గుడ్డు పెట్టు, పాలు పొయ్యి, మాంసం ముద్దగా ఉడికించి పెట్టు" అన్నాడు.

ఆశన్న చెయ్యి మెడ మీదికి పోయింది. పాలు మాకు లేవు, కొన్నా రోజూ దొరకవు, గుడ్డూ మాంసమూ మాత్రం ఈ బతుకులో కుదరదని చెప్పాడు. మాల సంగతి చెప్పాడు. ఇద్దరు కొడుకుల సంగతి చెప్పాడు. డాక్టరు తిడతాడని గంగుబాయి తల వంచుకుంది. ఆయన తిట్టలేదు. బయటికి చూసి వేరే మాట అడిగాడు.

"చెరుకు తోలేటప్పుడు ఎడ్లకు ఏం పెడతావు?"

"ఉలవలు ఉడకేసి పెడ్త సారు. గానుగల పల్లిచెక్క నానబెట్టి పెడ్త."

"ఒట్టి పచ్చిగడ్డి వేస్తే?"

"కడుపు నిండుతది. బండి గుంజదు."

"నీ ఎద్దు మాంసం తింటుందా?"

ఆశన్న తల అడ్డంగా ఊపాడు.

"మరి దానికంత కండ ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా? ఎద్దుకు కండ పట్టే తిండి పెట్టి, కూతురికి గడ్డి వేస్తున్నావు."

ఆ మాటకు ఆశన్న మొహం మాడిపోయింది. అప్పుడు డాక్టరు వివరంగా చెప్పాడు. కంద మంచిదే, కానీ అది మాంసం రుచి తెచ్చుకుంది గానీ మాంసం పని నేర్చుకోలేదు. అది అన్నానికి చెల్లెలు. పావుకిలో కంద తిన్నా పిడికెడు పల్లీలంత కండ రాదు. సొరకాయ, బీరకాయ ఉడికించాక మిగిలేది నీళ్ళే. ఆకుకూర కంటికి మంచిది, నెత్తురుకు మంచిది, పెట్టండి, కానీ కండకు అదొక్కటే చాలదు. మాంసం వద్దనుకుంటే ఆ పని చేసేవి పప్పులు, పల్లీలు, ఉలవలు. తూకానికి తూకం వేస్తే పల్లీలు మాంసానికి తీసిపోవు. పప్పు పలచగా చారు చేసి పోస్తే మళ్ళీ నీళ్ళే అవుతుంది, గట్టిగా ఉడికించి జొన్నతోనో బియ్యంతోనో కలిపి పెట్టాలి. పల్లీలు వేయించి, పొట్టు తీసి, మెత్తగా దంచాలి. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ. కంద ఇచ్చిన పున్నమ్మ మజ్జిగ ఇస్తే అదీ తాగించాలి.

ఇన్ని చెప్పిన మనిషి ఒక్క మాట చెప్పలేదు. బయట బెంచీ మీద రోగులు కిక్కిరిసి ఉన్నారు. నీరు దిగిపోతే లోపల మిగిలేది ఎముకలేనని, పిల్ల ముందు భయంకరంగా చిక్కి ఆ తర్వాతే కోలుకుంటుందని ఆయనకు తెలుసు. తెలిసినవాళ్ళకు అది మాటగా చెప్పేంత సంగతిగా తోచదు. తెలియనివాళ్ళు దాని కింద నలిగిపోతారు.

ఇంటికి రాగానే గంగుబాయి పల్లీలు వేయించింది. రోట్లో దంచి, కొంచెం బెల్లం కలిపి ముద్ద చేసింది. పెసరపప్పు గట్టిగా ఉడికించి గట్కలో కలిపింది. రుక్క నోరు తెరవదు. తెరిచినా మింగదు. వేలితో బుగ్గలో పెట్టి, గొంతు నిమిరి, దిగేదాకా కూర్చునేది. ముందు కడుపు జారింది. పెంటవ్వ తల కొట్టుకుని, ఎడ్ల కుడితి తాపుతున్నది నా మన్మరాలికి అని వాకిట్లో నిలబడి వచ్చేపోయేవాళ్ళకు చెప్పింది. గంగుబాయి ముద్ద చిన్నది చేసింది, మానలేదు.

తర్వాత నీరు దిగడం మొదలైంది. గుడ్డలు మార్చలేనంతగా పిల్ల ఉచ్చ పోసింది. ఒకరోజు బుగ్గలు పోయాయి. మరి కొన్నాళ్ళకు పక్కటెముకలు తేలాయి. కాళ్ళు వెదురు పుల్లలయ్యాయి, వాటి మీద చర్మం ముసలివాళ్ళ చర్మంలా వేలాడింది. తొడల మధ్య సందు చూసి గంగుబాయి గుడ్డ కప్పేసింది. రెండో కొడుకు చివరి రోజుల్లో సరిగ్గా ఇట్లాగే ఉండేవాడు. తన చేత్తో, తను దంచిన ముద్దతో బిడ్డను ఆ దారినే నడిపిస్తున్నదా?

బావి దగ్గరికి పోతే ఆడవాళ్ళు మాటలాపేసేవారు. ఒకామె ఆపుకోలేక, "బంగారమసొంటి పిల్లను పీనుగ లెక్క జేసినవ్ గదనే" అన్నది. పున్నమ్మ పిల్లను చూసి కళ్ళు తుడుచుకుని, ఇంకో కంద దుంప పంపించింది. పెంటవ్వ దాన్ని ఉడికించి రుక్క ముందు పెట్టుకుని కూర్చునేది. గంగుబాయి వచ్చి గిన్నె తీసేది. అత్తాకోడళ్ళ మధ్య ఆ గిన్నె రోజుకెన్నిసార్లు చేతులు మారిందో. గంగుబాయి దాన్ని తీసేస్తున్నది నమ్మకంతో కాదు. నమ్మకం ఆమెకు ఎప్పుడో పోయింది. కాళ్ళ మీద పడిన గుంటలు మాత్రం కళ్ళముందు నుంచి పోవడం లేదు. కంద తిన్నప్పుడు గుంటలు, పల్లీలు తిన్నప్పుడు ఎముకలు. రెండు చావుల్లో ఏది మేలని ఏ తల్లి ఎంచుతుంది?

ఆశన్న అన్నాళ్ళూ డాక్టరు మాట పట్టుకుని ఉన్నాడు. ఎడ్ల లెక్కతో నమ్మినవాడు ఎడ్ల లెక్కతోనే నమ్మకం పోగొట్టుకున్నాడు.

"ఎద్దు బక్కపడితే చెక్క ఎక్కువ పెడ్తం. చెక్క పెట్టినంక బక్కపడ్డ ఎద్దును నేను యాడ సూడలే గంగు" అన్నాడు. ఆ సాయంత్రమే ఒక కోడిని తెచ్చి గంప కింద మూశాడు. పోచమ్మ ముందు మాల తీసి పక్కన పెట్టి, కోడిని కోసి, ఆ పులుసు తన చేత్తో పిల్ల నోట్లో పోస్తానన్నాడు. పెంటవ్వ ఇన్నాళ్ళూ అడిగింది అదే. తీరా కోడి ఇంటికి వచ్చాక ముసలిది కొడుకు మెడలోని మాల వైపు చూసి వణికిపోయింది. పోయి ఒక మూల కూర్చున్నది.

గంగుబాయి భర్త కాళ్ళు పట్టుకుంది. మాల తెగితే పిల్ల ఉండదన్న భయం ఆమె ఎముకల్లో ఉంది.

"ఐతారం దాక ఆగు. ఐతారం నువ్వేం జేస్తే గది జెయ్" అన్నది.

"ఐతారం దాక ఉంటదా పిల్ల?" అన్నాడు ఆశన్న. అతని గొంతులో కోపం లేదు. అందుకే ఆమె ఇంకా భయపడింది.

అయినా ఆగాడు. ఆ మిగిలిన రోజులు గంగుబాయి పొలానికి పోలేదు. ముద్ద పెట్టడం, మజ్జిగ చెంచాతో పొయ్యడం, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూడటం. పిల్ల కొంచెం బాగా మింగుతున్నట్టు అనిపించేది, మరుక్షణం తన ఆశే అట్లా చూపిస్తున్నదని అనుకునేది. గంప కింద కోడి కదిలినప్పుడల్లా ఉలిక్కిపడేది.

ఆదివారం తెల్లవారింది. ఆశన్న స్నానం చేసి, తడి బట్టలతో వచ్చి గంప ఎత్తాడు. కోడి కాళ్ళకు తాడు కడుతున్నాడు. పెంటవ్వ పసుపు, కుంకుమ పళ్ళెంలో పెట్టింది గానీ పళ్ళెం ఎత్తలేదు. గంగుబాయి రుక్కను గోడకు ఆనించి కూర్చోబెట్టి, ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ పల్లీలు రోట్లో పోసి దంచడం మొదలుపెట్టింది. కళ్ళు మసకలు కమ్ముతున్నాయి. రోకలి ఎత్తడం, వెయ్యడం, అంతే తెలుస్తున్నది.

రోకలి పైకి లేచి ఉండగా రోటి అంచు మీద ఏదో కదిలింది. చూస్తే చిన్న చెయ్యి. రోకలిని గాలిలోనే పట్టేసింది. గోడ దగ్గర పెట్టిన పిల్ల గోడ దగ్గర లేదు. కూర్చున్న చోటునుంచి పిర్రల మీద జరుగుతూ, మట్టి గీసుకుంటూ రోటిదాకా వచ్చి, లోపల చెయ్యి పెట్టి, నలగని పల్లీలు గుప్పిట పట్టుకుంటున్నది.

గంగుబాయి ఆ చేతిని పట్టి బయటికి తీసింది, నలగని పలుకు గొంతుకు అడ్డం పడుతుందన్న భయంతో. గుప్పిట విప్పి పల్లీలు రాల్చింది. అంతే, రుక్క మొహం చిట్లించింది. నోరు తెరిచింది. ముందు శబ్దం రాలేదు. తర్వాత వచ్చింది. గీ పెట్టి, కాళ్ళు తన్నుకుంటూ, తల్లి చెయ్యి గోళ్ళతో గీకుతూ ఏడ్చింది. అడిగింది ఇవ్వని తల్లి మీద కోపంతో ఏడ్చే ఏడుపు. ఎన్ని నెలలైంది ఆ ఇంట్లో అది వినపడి.

ఆశన్న కోడి కాళ్ళ తాడు సగం ముడి వేసి అట్లాగే ఉండిపోయాడు. పెంటవ్వ పళ్ళెం పక్కన పెట్టి గడప దాకా వచ్చింది. "ఏడుస్తున్నదిరా" అన్నది కొడుకుతో, మెల్లగా, గట్టిగా అంటే ఆగిపోతుందేమో అన్నట్టు.

గంగుబాయి దంచిన పొడిలో బెల్లం కలిపి ముద్ద చేసింది. పిల్ల రెండు చేతులూ చాచింది. ముద్ద నోటిదాకా తీసుకుపోయి ఆమె ఆపింది. నోట్లో పెడితే ఏడుపు ఆగుతుంది. ఆగితే మళ్ళీ మొదలవుతుందో లేదో ఎవరు చెప్పగలరు? ముద్ద అట్లాగే చేతిలో పట్టుకుని, బిడ్డను ఇంకొంచెంసేపు ఏడవనిచ్చింది.